చీనాంశుకము

చీనాంశుకమను పదమును బాల్యమున మా నాయనగారు శాకుంతలము చెప్పునపుడు నేర్చితిని. దానిని నేసిన చేతులను గూర్చి యెన్నడును తలంపనైతిని. మొన్న వేసవిలో మావారితో గూడ చీనాదేశమునకు బోయి, హాంగ్‌చౌ నగరమున 1992లో తెరచిన పట్టువస్త్ర ప్రదర్శనశాలను జూచితిని. చెంగ్డూలో హాన్‌కాలపు సమాధియందు దొరకిన నాలుగు చిన్న మగ్గపు నమూనాలను బట్టి పెద్ద మగ్గమునే కట్టి, పూలు తేలునట్లు నేసిరట! అరచేయి యంతటి చినిగిన పేలికను సయితము, వెలుతురు తగ్గించి, అద్దముచాటున పసిబిడ్డనువలె కాపాడుచున్నారు. మావారు పిలిచినను అచటనుండి కదలలేకపోతిని. మా యమ్మ పెండ్లిపట్టుచీర చిరిగినదని, పాతజరీ కొనువానికి నేనే యమ్మివైచితిని గదా! ఇల్లు చేరి పెట్టె వెదకగా దాని రవికగుడ్డ దొరకినది. జరీ లేనందున వాడు విడిచిపోయెను. వేపాకు వేసి, పాత నూలుబట్టలో చుట్టి దాచితిని.