మెరిట్ స్కాలర్‌షిప్ ఎవరికి?

పదో తరగతి అయిపోగానే మా బస్తీలో పిల్లల్ని అడిగే మాట ఒకటే: "ముందుకు చదువుతవా, కార్ఖానాకు పోతవా?" సోలాపూర్‌లో మన తెలుగు ఇండ్లు చాలావాటిలో నాయిన పవర్‌లూమ్ మీద, అమ్మ బీడీల చాట ముందర. ఇక్కడ చదువు ఆగేది తెలివి లేక కాదు, డబ్బు లేక. మా అక్కకు పోయిన ఏడు మెరిట్ స్కాలర్‌షిప్ వచ్చింది. అందుకే దాని గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

12వ తరగతి పాసై డిగ్రీలో చేరినవాళ్లకు కేంద్ర ప్రభుత్వం ఏటా 82,000 కొత్త స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది. అందులో సగం అమ్మాయిలకే. డిగ్రీ మూడేండ్లు ఏడాదికి 12,000 రూపాయలు, పీజీలో 20,000. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షలు దాటకూడదు. డబ్బు విద్యార్థి సొంత ఖాతాలోనే పడుతుంది.

నెట్ సెంటర్ అతను అక్క మార్కులు చూసి, "80 శాతం లేకుంటే రాదమ్మా" అన్నాడు. అక్కకు వచ్చింది 76 శాతం. అక్క మొఖం చిన్నబోయింది. కాలేజీలో సార్‌ను అడిగితే అసలు సంగతి తెలిసింది. కావలసింది 80 శాతం కాదు, 80 పర్సెంటైల్. అంటే మన బోర్డులో, మన శాఖలో పాసైన ప్రతి వందమందిలో పైన ఉన్న 20 మందిలో మనం ఉండాలి. ఆ ఏడు అక్క చదివిన ఆర్ట్స్ కటాఫ్ 76 కంటే తక్కువే. ఈ ఒక్క మాట తెలియక ఎంతమంది ఫారమ్ నింపకుండానే ఊరుకున్నారో!

అయినా నాకొక అనుమానం. ఈ స్కాలర్‌షిప్‌లను సైన్స్, కామర్స్, ఆర్ట్స్ వాళ్లకు 3:2:1 లెక్కన పంచుతారు. ఆర్ట్స్ చదివితే ప్రతిభ తక్కువా? ట్యూషన్ చెప్పించుకున్న పిల్ల తెచ్చిన 90, రాత్రి అమ్మతో కూర్చుని ఆకు కత్తిరించి, బీడీలు చుట్టి, ఆ తర్వాత పుస్తకం తీసిన పిల్ల తెచ్చిన 76, ఈ రెండింటినీ ఒకే త్రాసులో తూచవచ్చా? ఆదాయ పరిమితి ఉండటం మంచిదే, కానీ అది ఈ తేడానంతా చూడలేదు.

డబ్బు వచ్చిన రోజు అక్క అమ్మకు ఫోన్‌లో మెసేజ్ చూపింది. అమ్మ, "ఇగ రాత్రి చాట ముందర కూసోకు, చదువుకో" అన్నది. నెలకు లెక్కేస్తే వెయ్యి రూపాయలే. కానీ దాంతో అక్కకు రోజూ రెండు గంటలు దొరికాయి. ఆ గంటలు కూడా అవసరమే, ఎందుకంటే ప్రతి ఏడు 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉంటేనే స్కాలర్‌షిప్ మళ్లీ వస్తుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఎనిమిదో తరగతిలో ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్ష తప్పక రాయండి. గెలిస్తే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 వస్తాయి. బీడీ కార్మికుల పిల్లలకు వేరే స్కాలర్‌షిప్ ఉంది, కానీ కేంద్రం ఇచ్చే ఈ కాలేజీ స్కాలర్‌షిప్‌తో కలిపి తీసుకోరాదు, ఏది ఎక్కువో చూసుకోండి. ఆదాయ ధ్రువపత్రం, సొంత పేరున బ్యాంకు ఖాతా ముందే సిద్ధంగా పెట్టుకోండి. ఎవరైనా "నీకు రాదు" అంటే, ఇంకొకరిని అడగండి.