నంబరు లేని ఇంజన్

మా భాయిజాన్ డిజైర్ ఒక్కరోజులో చావలేదు. ఆరు నెలల పాటు ఇంజనాయిల్ తాగింది, నీలంపొగ కక్కింది. చివరికి ఒంగోలు నుంచి వచ్చే కర్నూలు రోడ్డు మీద, చీమకుర్తి ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా, ఖామోష్ అయిపోయింది. పసుపు నంబరు ప్లేటు బండి. ఇంట్లో పొయ్యి వెలిగేది దాని మీదే.

ఉస్తాద్ ఆయిల్ మూత తీశాడు. "బ్యాక్ కంప్రెషన్ చూడండి. రింగులు అరిగినాయ్, సిలిండర్లకు గీతలు పడినాయ్. బోరింగ్ చేయించి పిస్టన్లు మార్చే ఖర్చులో పాత ఇంజనే వచ్చేస్తుంది" అన్నాడు. మారుతి వాళ్లు 2020 ఏప్రిల్‌లో డీజిల్ కార్లే ఆపేశారు. కానీ ఆ 1248 సీసీ ఇంజన్ స్విఫ్ట్‌లో, రిట్జ్‌లో, డిజైర్‌లో ఊరూరా తిరిగింది కనుక తుక్కులో ఇంకా దొరుకుతుంది.

భాభీ రెండు గాజులూ తీసి ఇచ్చింది. గిర్వీ పెడితే 80 వేలు వచ్చాయి. సౌదా మాట్లాడటానికి నన్ను రమ్మన్నారు. పత్రికలో పనిచేసేవాడికి మాట్లాడటం వచ్చని మా ఇంట్లో ఒక అపోహ.

ఫజర్ నమాజు చదివి బయల్దేరాం. బెజవాడ ఆటోనగర్ చేరేసరికి ఎండెక్కింది. ఒక వీధంతా గేర్‌బాక్సులు, ఒక వీధంతా తలుపులు, బానెట్లు. ఇన్సూరెన్స్ కంపెనీ పూర్తి నష్టం కట్టి వదిలేసిన బండ్లు ఇక్కడికి వచ్చి ముక్కలవుతాయి. హాఫ్ ఇంజన్ అంటే బ్లాకూ దాని లోపలి సామానే, ఫుల్ ఇంజన్ అంటే టర్బో, ఇంజెక్టర్లు, పంపుతో సహా. ఈ తేడా తెలియకుండా రేటు అడిగితే మొదటి మాటలోనే మునిగిపోతాం.

ఒక దుకాణంలో ఫుల్ ఇంజన్ 55 వేలన్నారు. వెనక నుంచి లారీ గుద్దిన బండిదట, ముందు భాగానికి దెబ్బ లేదు. పాత ఆర్‌సీ నకలు, బిల్లు ఇస్తామన్నారు. మా ఉస్తాద్ చెప్పి పంపినట్టే చూశాం. ఆయిల్ మూత కింద మజ్జిగలాంటి నురగ లేదు, అంటే నీళ్లు కలవలేదు. స్పానర్‌తో తిప్పితే ఎక్కడా పట్టేయలేదు. స్టాండు మీద బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేసి చూపించారు.

"ఆ బండిలో ఉన్నవాళ్లు?" అని భాయిజాన్ అడిగాడు.

"అది మాకెవరూ చెప్పరు భాయ్" అన్నాడు దుకాణదారు. భాయిజాన్ పెదవులు కదిలాయి. ఏదో దువా.

రెండు వీధుల అవతల ఇంకొకటి, 38 వేలు. పైకి ఇంకా శుభ్రంగా ఉంది. బిల్లు లేదు. 17 వేలు మిగులుతాయి. నా నియ్యత్ అక్కడే జారిపోయింది. డబ్బు తియ్యమన్నట్టు భాయిజాన్ వైపు చూశాను.

ఆయన మాత్రం వంగి బ్లాకు మీద వేలితో తడుముతున్నాడు. నంబరు కొట్టి ఉండాల్సిన చోట ఇనుము అద్దంలా నున్నగా ఉంది. "నంబర్ కాఁ హై రే?" అన్నాడు నాతో.

"తుప్పు తీయడానికి రుద్దాం" అన్నాడు అమ్మేవాడు.

నేను గొంతు తగ్గించి, "పాత బండికి ఇంజన్ నంబరు ఎవరు చూస్తారు భాయిజాన్, ఛాసీ నంబరు చాలు" అన్నాను.

ఆయన నన్ను కిందా మీదా చూశాడు. "పేపర్ మే క్యా లిఖ్తా రే తూ?"

ఏం రాస్తానా? దొంగిలించిన బండ్లు తెల్లారేలోగా విడిభాగాలైపోతాయని, ముందుగా నంబర్లే గీకేస్తారని, కొన్నేళ్ల క్రితం నా పేరుతోనే వార్త రాశాను. ఆ కటింగు ఆయన బీరువాలోనే ఉంది. నేను శర్మిందా అయ్యానని చెప్పడం తేలిక. నిజానికి ముందు కోపం వచ్చింది. గాజులు నావి కాదు కదా, ఇంత ఈమాన్‌దారీ ఈయనకెందుకని. సిగ్గు ఒంగోలు బస్సెక్కాక వచ్చింది.

55 వేలదే కొన్నాం. మినీ లారీలో చీమకుర్తికి వచ్చింది.

పాత సామాను ఒక్కొక్కటే కొత్తదానికి బిగిస్తూ ఉస్తాద్ ఆగాడు. ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకి వెళ్లే రబ్బరు గొట్టాన్ని లైటు ముందు వంచాడు. అడుగున, ఎవరికీ కనపడని చోట, వేలెడు పగులు. మా ఊరి గెలాక్సీ రాయి నల్లనిది, బంగారు చుక్కలతో మెరుస్తుంది. దాని దుమ్ము మాత్రం బూడిదరంగు తెలుపు. రామతీర్థం వైపు క్వారీల దగ్గర చెట్ల ఆకుల మీద అదే. ఫిల్టర్‌ని దాటేసి ఆ పగులులోంచి దూరి, ఆ రాతిపొడే సిలిండర్లను గీరేసింది. దాన్నే మళ్లీ బిగించి ఉంటే 55 వేల ఇంజన్ కూడా అదే దారి పట్టేది. కొత్త గొట్టానికి వెయ్యి కూడా కాలేదు.

ఇంజన్ మారిస్తే 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. ఒంగోలు వెళ్లాం. కౌంటర్లో ఆయన మొదట అడిగింది బిల్లే. భాయిజాన్ జేబులోంచి మడత విప్పి పెట్టాడు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

బండి మళ్లీ తిరుగుతోంది. జుమా రోజు నమాజుకు వెళ్లేముందు బానెట్ ఎత్తి ఆ గొట్టాన్ని కిందివైపు తడిమి చూస్తాడు. ఒక గాజు విడిపించాడు. రెండోది ఇంకా గిర్వీలోనే ఉంది. భాభీ కుడిచేతికే వేసుకుంటోంది.