సంతకం లేని గిన్నె

మా ఇంట్లో ఒక జపాన్ మట్టి గిన్నె ఉంది. బుద్ధగయలో పరిచయమైన ఒక జపాన్ ఉపాసిక ఇచ్చింది. రోజూ పెరుగన్నం అందులోనే తింటాను. తెల్లటి పూత మీద చిన్న చిన్న గాట్లు వలయాలుగా తిరిగి ఉంటాయి. సారె తిరుగుతుండగా వంచిన ఉక్కు రేకును తాకిస్తే, అది ఎగిరెగిరి పడుతూ ఆ గాట్లు పెడుతుంది. అడుగు తిప్పి చూస్తే చేసినవారి పేరు లేదు. లా చదివినదాన్ని కదా, ఎక్కడైనా సంతకం కోసం వెతకడం నాకు అలవాటు.

అది ఒంతా గిన్నె. క్యూషూ దీవిలో, హితా పట్టణానికి పైన కొండల్లో ఉన్న చిన్న ఊరు ఒంతా. 1705 నుంచి అక్కడ కుండలు చేస్తున్నారు. ఇప్పటికీ పదిలోపు కుటుంబాలే. కొండమట్టి అందరిదీ, కలిసి తవ్వి పంచుకుంటారు. దాన్ని దంచేది వాగు. పెద్ద దూలానికి ఒక కొనను తొట్టిలా తొలుస్తారు. నీళ్లు నిండగానే ఆ కొన వంగి పారబోస్తుంది, రెండో కొన ధభీమని మట్టి మీద పడుతుంది. మన ఏతాం గుర్తొస్తుంది. వారాల తరబడి అలా దంచిన మట్టిని కడిగి, ఆరబెట్టి, కాలితో తన్నే సారె మీద పెడతారు. వాగు ఎంత మట్టి దంచితే అన్నే గిన్నెలు. 1995లో జపాన్ ప్రభుత్వం ఈ పనితనాన్ని ముఖ్య సాంస్కృతిక సంపదగా గుర్తించింది. ఆ గౌరవం ఊరంతటిదీ. గిన్నె మీద ఎవరూ సొంత పేరు వేసుకోరు.

1931లో ఈ ఊరిని చూసి దాని గురించి రాసినవాడు యనాగి సోయెత్సు. పేరులేని పనివాళ్లు రోజువారీ వాడకానికి చేసిన వస్తువుల్లో గొప్ప అందం ఉందని ఆయన వాదన. వాటికోసం 1936లో టోక్యోలో మ్యూజియం తెరిచాడు. ఆ వాదనకు బలం బౌద్ధం నుంచే వచ్చింది. తన బుద్ధక్షేత్రంలో రూపవంతులు, కురూపులు అన్న తేడా మిగిలితే తనకు బుద్ధత్వమే వద్దని అమితాభుడు చేసిన ప్రతిజ్ఞను ఆయన కంచాలకూ గిన్నెలకూ వర్తింపజేశాడు.

ఇక్కడిదాకా వింటే మనసు మురుస్తుంది. కానీ ఒక మాట అడగాలి. ఒంతాలో ఈ పని తండ్రి నుంచి ఒక కొడుక్కే వెళ్తుంది. బయటివాళ్లను శిష్యులుగా చేర్చుకోరు. ఆడవాళ్లు మట్టి కడుగుతారు, మోస్తారు. సారె దగ్గర కూర్చునేది మగవాళ్లే. పుట్టుకతో ముడిపడిన పనిని మనం ఏమంటాం? కులవృత్తి గొప్పదని మనకు బోధించినవాళ్లలో చాలామంది ఎన్నడూ సారె తిప్పలేదు, చెప్పు కుట్టలేదు. మనిషి తన శక్తిని బట్టి పని ఎంచుకోలేని చోట శ్రమ పేరుతో మనుషుల్నే అంతస్తులుగా పేర్చుతారని బాబాసాహెబ్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో వాదించారు.

జపాన్‌లో అంటరానితనం లేదని కూడా కాదు. తోలు పనివారిని వెలివేసిన చరిత్ర ఆ దేశానికీ ఉంది. ఆ బురాకు ప్రజలు 1922లో సుయిహెయిషా అనే సంఘం పెట్టుకుని పోరాడారు. అయితే కుమ్మరి చేతికంటిన మట్టిని అక్కడ మైల అనలేదు. ఆ తేడాను ఒప్పుకోవాలి.

నాకు జవాబు దొరికింది హమదా షోజి జీవితంలో. ఆయనది కుమ్మరి కుటుంబం కాదు. టోక్యో సాంకేతిక విద్యాలయంలో మట్టిపని చదివాడు. ఇంగ్లండులో కొన్నేళ్లు పనిచేసి వచ్చి, మషికో అనే కుమ్మరుల ఊరిని తానే ఎంచుకుని స్థిరపడ్డాడు. 1955లో ప్రభుత్వం ఆయన్ని సజీవ జాతీయ సంపదగా గౌరవించింది. ఆయనా గిన్నెల మీద సంతకం పెట్టేవాడు కాదు. అది ఆయన ఇష్టం. మన ఊళ్లలో కుండ చేసినవాడి పేరు ఎవరికీ తెలియకపోవడం ఆ కుమ్మరి ఇష్టం కాదు. కులంతో పిలవడమే అలవాటైనవాళ్లు పేరు అడగలేదు.

కాబట్టి చేతిపనిని గౌరవిద్దాం. ఆ పని ఎవరి చేతులు చేయాలో మాత్రం పుట్టుకను చెప్పనివ్వకూడదు. సారె నేర్చుకుంటానని ఏ ఇంటి అమ్మాయి వచ్చినా పక్కన కూర్చోబెట్టుకోవాలి. కుమ్మరి బిడ్డ లా చదువుతానంటే ఫీజు కట్టాలి.