పురుగుకున్న గడువు

మా ఊరు గూళూరు, బాగేపల్లి తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. ఈ తెలుగు అక్షరాలు నేను పెద్దయ్యాక నేర్చుకున్నవే.

పోయిన ఉగాదికి ఊరికి పోతే, చిన్నాయన క్యాప్సికం పాలీహౌస్‌లో మందు కొట్టి, గంట కాకముందే చెట్లకు తాళ్ళు కట్టను మళ్ళీ లోపలికి పోతా ఉన్నాడు. ముందురోజు తల తిరిగి కూలబడినాడంట. "ఎండకులేప్పా" అన్నాడు.

డబ్బా చూసినా. పసుపు త్రికోణం. విషంలో ఎరుపు తర్వాత అదే. నీలం, ఆకుపచ్చ దాని కింద. లోపల మడిచిన కాగితంలోని కన్నడ చదివి తెలుగులో చెప్పినా. గ్లౌజులు, మాస్కు వేసుకోవాల. తల తిరిగితే డబ్బా చేతబట్టుకొనే డాక్టరు దగ్గరికి పోవాల. బయటి చేనులో అయితే మందు గాలికి పోతుంది, పాలీహౌస్‌లో లోపలే నిలుస్తుంది. పక్క పరదాలు ఎత్తి, ఆకు తడి ఆరి, చెప్పిన గడువు దాటినాకే లోపలికి పోవాల.

చిన్నాయన నవ్వినాడు. పిన్నమ్మ నవ్వలేదు.

"మల్బరీకి మందు కొడితే అన్ని దినాలు ఆకు కోయనీవు, పురుగులు సస్తాయంటావు. పురుగుకున్న గడువు నీకు లేదా?"

ఇప్పుడు పాలీహౌస్ వాకిలికి ఒక పలక వేలాడుతా ఉంది. మందు కొట్టిన తేదీ, గంట చిన్నాయనే రాస్తాడు. ఆఫీసులో తప్పులు వెతికేది నా ఉద్యోగం. ఈ తప్పు పట్టింది మాత్రం పిన్నమ్మ.

మీ వాళ్ళకు ఫోన్ చేసినప్పుడు, పలక ఉందా అని ఒక మాట అడగండి.