చేతిలో ఫోను – 9: ఏడు రోజుల సంతకం

డబ్బులిచ్చి కొన్న వస్తువు మనదే అనుకుంటాం. సైకిల్ కొంటే సైకిల్ మనది. వెనక క్యారియర్ బిగించుకుంటామో, ముందు బుట్ట కట్టుకుంటామో మన ఇష్టం. ఐఫోన్ దగ్గర ఆ లెక్క చెల్లదు మిత్రులారా. అందులో నువ్వే రాసుకున్న ప్రోగ్రామైనా సరే, ఆపిల్ ఒప్పుకున్న డిజిటల్ సంతకం లేకపోతే తెరుచుకోదు. డబ్బు కట్టనివాడికి ఆ సంతకం ఏడు రోజులే చెల్లుతుంది. ఎనిమిదో రోజు యాప్ బొమ్మ తెర మీద అట్లాగే ఉంటుంది. నొక్కితే లేవదు.

ఇది నాకు ఏ పుస్తకమో చెప్పింది కాదు. మా అక్క కొడుకు చెప్పాడు. వాడు ఇంటర్ రెండో సంవత్సరం. మా బావ హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోయినప్పుడు సెకండ్ హ్యాండ్ షాపులో కొనుక్కొచ్చిన ఐఫోన్ 11 వాడి చేతిలో ఉంది. వెనక అద్దం పగిలి ఉంటుంది. "పల్లెలో పిలగాడికి ఐఫోనా!" అని మొహం మీదే అన్నవాళ్లున్నారు. పగిలిన అద్దం చూశాక కాస్త చల్లబడ్డారు.

వాడు ఆడేది రోబ్లాక్స్. అందులో లక్షల ఆటలుంటాయి. 2025లో పిల్లలంతా ఎగబడింది 'గ్రో ఎ గార్డెన్' అనే తోట ఆట మీద. విత్తనాలు కొనాలి, నాటాలి, కాపు కోయాలి, అమ్మాలి, మళ్లీ విత్తనాలు కొనాలి. మావాడు ఆ పనంతా తనంతట తానే జరిగిపోయేట్టు స్క్రిప్ట్ పెట్టుకున్నాడు. ఫోన్ చార్జింగ్‌లో పెట్టి పడుకుంటే తెల్లారేసరికి తోట కోసి, అమ్మి, మళ్లీ నాటి ఉంటుంది. దీన్నే వాళ్లు ఆటో ఫార్మ్ అంటారు. మా అక్క మిర్చి కోతలకు పోయి నడుం పట్టుకుని ఇంటికొచ్చి, ఆ బొమ్మ తనంతట తానే కోసుకుపోవటం చూసి, "ఇట్టాంటిది మాకూ ఒకటి చెయ్యరా, పుణ్యముంటుంది" అంది.

ఆ స్క్రిప్ట్ రాసేది లువా భాషలో. పోర్చుగీసులో లువా అంటే చందమామ. 1993లో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో, ఒక విశ్వవిద్యాలయంలో ముగ్గురు కలిసి దీన్ని తయారుచేశారు. బయటి దేశాల సాఫ్ట్‌వేర్ తెచ్చుకోవటం కష్టంగా ఉన్న వాతావరణంలో, తమ పనికి కావాల్సిన భాషను తామే చేసుకున్నారు. రోబ్లాక్స్ వాడే లువావ్ దాని బిడ్డే. మావాడు నాకు మొదటి పాఠం చెప్పాడు: "వైల్ ట్రూ డూ అంటే, నిజం నిజంగా ఉన్నంతసేపూ చేస్తానే ఉండు అని మావయ్యా." చాలా ఏళ్లుగా మీటింగుల్లో మాట్లాడుతున్నాను గానీ, ఇంత మంచి వాక్యం నా నోటి నుంచి ఎప్పుడూ రాలేదు.

ఈ స్క్రిప్టుల్ని నడిపించే యాప్‌ని ఎగ్జిక్యూటర్ అంటారు. ఐఫోన్‌లో అది విడిగా ఉండదు. అసలు ఆట యాప్‌నే విప్పి, లోపల ఇంకో ముక్క కుట్టి, మళ్లీ మూసిన నకలు అది. ఇట్లాంటిది ఆపిల్ స్టోర్‌లో ఉండదు. కాబట్టి పక్కదారిలో ఎక్కించాలి. ఆ పక్కదారుల్లో బాగా తెలిసింది 2019లో రైలీ టెస్టట్ అనే కుర్రాడు తెచ్చిన ఆల్ట్‌స్టోర్. ఎవరైనా ఉచిత ఆపిల్ ఐడీతో తను రాసుకున్న యాప్‌ని తన ఫోన్‌లో పరీక్షించుకోవచ్చని ఆపిలే ఒక చిన్న వెసులుబాటు ఇచ్చింది. ఆల్ట్‌స్టోర్ ఆ సందులోంచే నడుస్తుంది. షరతులు మాత్రం గట్టివి. ఉచిత ఐడీతో ఒకసారికి మూడు యాప్‌లే, అందులో ఆల్ట్‌స్టోర్ కూడా ఒకటి. సంతకం గడువు ఏడు రోజులు. ఏడాదికి 99 డాలర్లు కట్టి డెవలపర్ ఖాతా తీసుకున్నవాడికి అదే సంతకం ఏడాది పాటు చెల్లుతుంది. 99 డాలర్లంటే మా అక్కకి దాదాపు నెల రోజుల మిర్చి కూలి.

ఎక్కించే పద్ధతి విన్నాక నాకు అసలు సంగతి అర్థమైంది. ముందు కంప్యూటర్ కావాలి. అందులో ఆల్ట్‌సర్వర్ వేయాలి. విండోస్ అయితే ఐట్యూన్స్, ఐక్లౌడ్ కూడా ఆపిల్ సైట్ నుంచే దింపుకోవాలి. ఫోన్‌ని వైరుతో కలపాలి. సెట్టింగుల్లోకి పోయి ఆ ఐడీని నమ్ముతున్నానని ఒప్పుకోవాలి. ఐఓఎస్ 16 నుంచి డెవలపర్ మోడ్ కూడా ఆన్ చేసి ఫోన్ రీస్టార్ట్ చేయాలి. తర్వాత వారం వారం గడువు తీరకముందే ఫోనూ కంప్యూటరూ ఒకే వైఫైలో ఉన్నప్పుడు రిఫ్రెష్ కొట్టాలి. ఇది కాక ఆట అప్‌డేట్ అయినప్పుడల్లా పాత నకలు పనిచేయదు. కొత్త నకలు వచ్చేదాకా ఆగి, మళ్లీ ఎక్కించాలి.

మావాడికి కంప్యూటర్ లేదు. నెట్ సెంటర్ ఆయన తన మెషీన్‌లో ఏవీ వేయనివ్వనన్నాడు. క్లాసులో ఒక కుర్రాడికి లాప్‌టాప్ ఉంది, ఊళ్లో మేడ ఇల్లు. ఆదివారం ఆదివారం మావాడు అక్కడికి పోయేవాడు. ఆ కుర్రాడు మంచివాడే, లోపల లాప్‌టాప్ ఆన్ చేసి పెట్టేవాడు. మావాడు వరండాలో కూర్చుని రిఫ్రెష్ కొట్టుకుని వచ్చేవాడు. "లోపలికి పోలేదా?" అని అడిగాను. "వైఫై వరండా దాకా వస్తది మావయ్యా" అన్నాడు. అంతకుమించి వాడు చెప్పలేదు, నేను అడగలేదు. చదివేవాళ్లకి అర్థమవుతుంది.

రెండు నెలల తర్వాత వాడు వరండాకి పోవటం మానేశాడు. సైడ్‌స్టోర్ అని ఇంకొకటి వెతికి పట్టుకున్నాడు. దానికి మొదటిసారి ఒక్కసారే కంప్యూటర్ కావాలి. ఫోనూ కంప్యూటరూ ఒకదాన్నొకటి గుర్తుపట్టే ఫైలు ఒకటి తీసుకుంటే చాలు. తర్వాత ఫోన్ లోపలే చిన్న వీపీఎన్ నడిపి, అవతల కంప్యూటర్ ఉన్నట్టు ఫోన్‌ని నమ్మించి, తన సంతకం తానే తిరగేసుకుంటుంది. కంప్యూటర్ క్లాసు ముఖం చూడని పిల్లవాడు ఇంత వెతికింది ఆట కోసమే అనుకోకండి.

ఇంతకంటే తేలిక దారులు కూడా ఉన్నాయి. ప్రమాదమంతా అక్కడే ఉంది. కంపెనీలు తమ ఉద్యోగుల కోసం లోపలి యాప్‌లు చేసుకోటానికి ఆపిల్ ఎంటర్‌ప్రైజ్ సర్టిఫికెట్లు ఇస్తుంది. వాటిని ఎవరెవరో సంపాదించి, దొంగచాటుగా బయటివాళ్లకు అమ్ముతారు. ఆపిల్ కనిపెట్టి రద్దు చేస్తే ఒక్క దెబ్బకి అందరి యాప్‌లూ చచ్చిపోతాయి. 2019 జనవరిలో నిబంధన మీరారని ఫేస్‌బుక్, గూగుల్‌ల సర్టిఫికెట్లనే ఆపిల్ రద్దు చేసింది. వాళ్ల ఉద్యోగులు వాడే యాప్‌లే ఆగిపోయాయి. అంతటివాళ్లకి కొద్ది రోజుల్లోనే తిరిగొచ్చాయి. మావాడు ఏడాది గ్యారంటీ అంటే నమ్మి ఆన్‌లైన్‌లో ఎవరికో ఆరువందలు పంపి కొన్న సర్టిఫికెట్ పదకొండు రోజుల్లో పోయింది. అమ్మినవాడు బ్లాక్ చేశాడు.

ఆరువందలు పోతే పోయాయి. నన్ను భయపెట్టింది వేరే. ఆ ఫోన్‌లోనే మా అక్క బ్యాంకు ఓటీపీలు వస్తాయి. డ్వాక్రా గ్రూపు లెక్కలూ అందులోనే ఉన్నాయి. సర్టిఫికెట్ అమ్మేవాళ్లు కొందరు ముందు ఒక ప్రొఫైల్ ఎక్కించుకోమంటారు. అది ఫోన్ నంబరు లాంటి గుర్తు తీసుకునే ప్రొఫైలో, ఫోన్ పెత్తనమే అప్పగించే ప్రొఫైలో పిల్లలు చూడరు, ఓకే కొట్టేస్తారు. ఎగ్జిక్యూటర్లలో చాలావాటికి రోజూ ఒక తాళంచెవి కావాలి. దానికోసం నాలుగైదు ప్రకటనల పేజీలు దాటాలి. ఎవడో రాసిన స్క్రిప్ట్‌ని చదవకుండా అతికిస్తే అది తోట కోయటంతో పాటు ఖాతా కూడా కోసుకుపోవచ్చు. కంపెనీ తాళం తప్పించుకున్నామనుకుంటాం. అవతల పేరు లేని మనిషి చేతిలో ఇంకో తాళం ఉంటుంది.

అందుకని వాడితో కూర్చుని మూడు కట్టుబాట్లు పెట్టుకున్నాం. పక్కదారి పనులకి విడిగా ఒక ఆపిల్ ఐడీ, అమ్మ ఐడీ ముట్టుకోకూడదు. అక్క సిమ్మూ బ్యాంకూ ఇంకో ఫోన్‌లోకి మారాలి. చదివి అర్థం చేసుకోని స్క్రిప్ట్ ఒక్క లైను కూడా నడపకూడదు. మూడోది వాడికి కష్టమైంది. కానీ లువా వాడికి వచ్చింది ఆ మూడోదాని వల్లే.

ఒకరోజు వాడు నన్ను అడిగాడు. "డబ్బులున్నోడు రోబక్స్ పెట్టి రెండింతల కాపు కొనుక్కుంటే అది ఆట. నేను స్క్రిప్ట్ వేస్తే మోసం. ఎట్టా మావయ్యా?" నేను వెంటనే జవాబు చెప్పలేదు. ప్రశ్నలో న్యాయం ఉంది. అయితే ఇంకోవైపు కూడా ఉంది. నీ తోటలో నీ మొక్కలు కోయటం వేరు. పదిమంది పోటీ పడే ఆటలో ఎదుటి పిల్లవాడికి కనపడకుండా గోడల్లోంచి దూరి వాణ్ణి ఓడించటం వేరు. అవతలున్నవాడు కూడా ఏ రేకుల షెడ్డులోనో కూర్చుని ఆడుతున్నవాడే కావచ్చు. నిబంధన ప్రకారం రెండింటికీ ఖాతా పోతుంది, అది తెలిసే చేయాలి. ఇదే చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి పోటీ ఆటల స్క్రిప్టులు తీసేశాడు.

తర్వాత నేను వాణ్ణి ఒక మాట అడిగాను. "వేరేవాళ్ల తోటలోకి ఎందుకురా దూరటం? ఇంత లువా వచ్చినోడివి, నీ తోట నువ్వే కట్టుకోవచ్చుగా?" వాడు నవ్వాడు. రోబ్లాక్స్‌లో ఆటలు తయారుచేసే సాధనం పేరు స్టూడియో. అది ఉచితం. అందులో లువా రాస్తే మోసమనేవాడు లేడు. ఆ ఆట నలుగురూ ఆడితే డబ్బు కూడా వస్తుంది. కానీ స్టూడియో ఫోన్‌లో రాదు. విండోస్‌లోనో మ్యాక్‌లోనో మాత్రమే నడుస్తుంది.

అక్కడ నేను ఆగిపోయాను. ఒకే భాష, ఒకే తెలివి. లాప్‌టాప్ ఉన్న ఇంట్లో పిల్లవాడు రాస్తే వాణ్ణి గేమ్ డెవలపర్ అంటారు. ఫోన్ తప్ప ఇంకేమీ లేని పిల్లవాడు రాస్తే వాణ్ణి చీటర్ అంటారు. ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క కంప్యూటర్.

చట్టాల సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. యూరప్‌లో డిజిటల్ మార్కెట్ల చట్టం వల్ల 2024 మార్చి నుంచి ఆపిల్ బయటి యాప్ దుకాణాలకి దారి ఇవ్వాల్సి వచ్చింది. ఆల్ట్‌స్టోర్ అక్కడ ఇప్పుడు బాహాటంగా నడుస్తోంది. మన దేశంలోనూ అదే నెలలో డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదా బయటికొచ్చింది. పెద్ద కంపెనీల గొడవగా వదిలేయకుండా మనవాళ్లు కూడా అది చదవాలి. అయితే చట్టం వచ్చేదాకా పిల్లల వయసు ఆగదు.

మేం నలుగురం మిత్రులం తలా కొంత వేసుకుని, ఆఫీసులో తీసేసిన డెస్క్‌టాప్ ఒకటి పదకొండు వేలకి కొని కాలనీ కమ్యూనిటీ హాల్లో పెట్టాం. ఎనిమిది జీబీ ర్యామ్. స్టూడియో మెల్లగా తెరుచుకుంటుంది గానీ తెరుచుకుంటుంది. మావాడు ఇప్పుడు అందులో మిర్చి చేను కడుతున్నాడు. వాళ్లమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఎన్ని కోతలు, ఏ కోతకి రంగెట్టా ఉంటుంది, మేస్త్రీ కాటా దగ్గర ఎట్టా కొడతాడు అని అడిగి రాసుకుంటున్నాడు. ఫోన్‌లో ఎగ్జిక్యూటర్ ఇంకా ఉంది. తీసెయ్యమని నేను చెప్పలేదు.

మీ అటక మీద పాత లాప్‌టాప్ ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి, మీ వాడలో హాల్లో పెట్టండి. ఇంకొక్క మాట. పెట్టేటప్పుడు అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గర దాచుకోకండి. అది పిల్లలకే ఇవ్వండి. పాడుచేస్తారు, మళ్లీ విండోస్ వేసుకుంటారు, అట్లాగే నేర్చుకుంటారు.

జై భీమ్.