గంజి కేంద్రమూ, మస్తరు పట్టీ

మా అవ్వకు గంజి వాసన గిట్టేది కాదు. జ్వరం వచ్చినా సరే, గంజి అంటే ముఖం తిప్పేసేది. 1952 కరువులో మా సీమలో గంజి కేంద్రాలు వెలిసినప్పుడు, చంటివాడైన మా నాయనను చంకన వేసుకుని ఆమె వరసలో నిలబడిందట. "ఆ గంజే మీ నాయనను బతికించిందిరా. కాని చెంబు చాపేటప్పుడు తల ఎత్తలేకపోతిని" అనేది.

అనంతపురం సంగతి తెలియనిదేముంది! ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదైనా సమయానికి పడితే గదా. వేరుశనగ ఎండిపోతే రైతుకు పంట పోతుంది, కూలికి పనే పోతుంది. అంగట్లో బియ్యం ఉంటాయి, కొంగున డబ్బులుండవు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. మంచి పనే, కాని ఆ రెండు రూపాయలైనా సంపాదించాలి కదండీ.

అందుకే 2006 ఫిబ్రవరి 2న మా జిల్లా బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగు ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించడం నాకు సబబుగా తోచింది. కరువు పనులు తెల్లదొరల నాడూ ఉన్నాయి, కాదనను. అప్పుడు పెట్టేది దొరగారి దయ. ఈ చట్టంలో మాత్రం, అడిగిన పదిహేను రోజుల్లో పని చూపకపోతే భృతి ఇవ్వాలన్నారు. కుటుంబానికి ఏటా 100 రోజులు.

అయితే కాగితం మీది పని కడుపులోకి ఎట్లా వస్తుంది? అదే ఏడు జిల్లాలో సామాజిక తనిఖీ పాదయాత్ర జరిగింది. వేడుక చూద్దామని ఒక ఊరికి నేనూ వెళ్లాను. రచ్చకట్ట మీద ఒక కుర్రవాడు మస్తరు పట్టీ గట్టిగా చదువుతున్నాడు: ఫలానా ఆమె, పదైదు దినాలు. ఒక నడివయసు ఆమె లేచింది.

"నేను చేసింది ఎనిమిది దినాలే నాయనా. తక్కిన దుడ్డు ఎవరు తినిరి?"

ఊరంతా గప్‌చిప్. పని రాయించినాయన చెప్పుల కేసి చూస్తూ కూర్చున్నాడు. తరువాత ఇంకొకామె లేచింది. ఆ పైన అందరూ ఒక్కసారే! పొద్దుగూకేదాకా తెమలలేదు.

2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టం స్థానే కొత్తది తెచ్చింది. రోజులు 125 అంటున్నారు. సంతోషమే. నేను మాత్రం రచ్చకట్ట మీద ఆ పట్టీ చదివేవారు వస్తారా అని చూస్తున్నాను.