లైట్లు వేసి చూడు

జనవరి నెల, తెల్లవారుజామున ఐదున్నర. ఆరున్నరకల్లా అమ్మని కంటి ఆస్పత్రిలో చేర్చాలి, కుడికంటికి శుక్లాల ఆపరేషన్. అమ్మ అప్పటికే వెనక సీట్లో సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను తాళం తిప్పాను. ఇంజను తిరగలేదు. బోనెట్ కింద ఎక్కడో టకటకటకమని వేగంగా చప్పుడు. మళ్ళీ తిప్పాను, మళ్ళీ అదే. ముచ్చటగా మూడోసారి ఆ చప్పుడు కూడా నీరసపడింది. క్యాబ్ వాళ్ళు రెండుసార్లు ఒప్పుకుని రెండుసార్లూ రద్దు చేశారు.

కారు మొరాయిస్తే మగవాళ్ళు ఎక్కడినుంచి వస్తారో తెలియదు. వాచ్‌మన్ వచ్చాడు, పేపరబ్బాయి సైకిలు ఆపాడు, మూడో అంతస్తు రిటైర్డ్ ఇంజనీరుగారు వాకింగ్ మానుకుని వచ్చారు. పెట్రోలుందా అని ఒకరు, గేర్లో ఉందేమో అని ఒకరు. ఇంజనీరుగారైతే నన్ను పక్కకి జరగమని తానే కూర్చుని తాళం తిప్పారు. నా చేతికి పలకనిది ఆయన చేతికి పలుకుతుందని నమ్మకం కాబోలు. పలకలేదు. "ఇంట్లో మగవాళ్ళెవరైనా ఉంటే ఒకసారి పిలవమ్మా" అన్నారు. నేను విడిగా ఉంటున్న సంగతి ఆయనకి తెలుసు. ఈ నాలుగేళ్ళలో గ్యాస్ పైపు దగ్గర్నించి ఇంటి పన్నుదాకా ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! అయినా ఆ రోజు గొంతులో ఏదో అడ్డుపడింది. ఈ కారు నా జీతంతో నేను కొనుక్కున్న మొదటి పెద్ద వస్తువు, సెకండ్ హ్యాండ్‌దే అయినా.

అప్పుడు వెనక సీట్లోంచి అమ్మ, "లైట్లేసి చూడవే" అంది.

ఎవరూ పట్టించుకోలేదు, నాతో సహా. అమ్మ మళ్ళీ అంది. "పెద్ద లైట్లేసి తాళం తిప్పు. లైట్లు ఆరిపోయేట్టు మసకబారితే బ్యాటరీ. లైట్లు బాగా వెలుగుతూనే ఉండి బండి పలక్కపోతే సెల్ఫ్ దగ్గరుంది జబ్బు."

వేశాను. తాళం తిప్పగానే ఎదురుగోడ మీద రెండు వెలుగు వలయాలు పచ్చబడి, చిక్కిపోయి, దాదాపు ఆరిపోయాయి.

"టెర్మినల్ వదులైనా ఇట్లాగే అంటుంది, ముందది చూడు" అంటూ అమ్మ కారు దిగింది. బోనెట్ ఎత్తితే ప్లస్ టెర్మినల్ చుట్టూ తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని ఉంది. మరుగునీళ్ళు పోస్తే కరిగిపోతుందట. అంత టైము లేదు. క్లాంపు అటూ ఇటూ తిప్పి బిగించాను, లాభం లేకపోయింది. అంతలో రాత్రి డ్యూటీ చేసి వస్తున్న రెండో అంతస్తు అమ్మాయి తన కారు మా పక్కకి తెచ్చి ఆపి, డిక్కీలోంచి జంపర్ కేబుళ్ళు తీసింది. ఎర్రది ముందు మా బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస తన బ్యాటరీ ప్లస్‌కి. నల్లది తన మైనస్‌కి. మిగిలిన నల్లకొస నేను మా మైనస్‌కి తగిలించబోతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "దానికొద్దు. దూరంగా ఇంజను ఇనుముకి పెట్టు. నిప్పురవ్వ బ్యాటరీ మీద పడకూడదు."

కారు స్టార్టయింది. ఆపరేషనూ బాగానే జరిగింది. నేను మాత్రం ఆస్పత్రి వరండాలో రెండుగంటలు ఒక్క ప్రశ్నతో కూర్చున్నాను: అమ్మకి ఇదంతా ఎట్లా తెలుసు?

నాన్నకి ఎరువుల కొట్టు, ఒక పాత డీజిల్ కారు ఉండేవి. డీజిల్ ఇంజను తిరగాలంటే బ్యాటరీకి బలం ఎక్కువ కావాలి. పదిహేను రోజులకోసారి ఆరు మూతలూ విప్పి డిస్టిల్డ్ వాటర్ పోసింది అమ్మేనట. రబ్బరు బుడ్డి ఉన్న గాజుగొట్టంతో యాసిడ్ పీల్చి గ్రావిటీ చూసేదట. 1250 దాటితే నిబ్బరం, 1150కి దిగితే దాదాపు ఖాళీ. ఒకసారి కొట్టు దగ్గర క్లీనరు కుర్రాడు చార్జింగులో ఉన్న బ్యాటరీ దగ్గర బీడీ వెలిగించాడు. చార్జవుతున్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది కదా, బ్యాటరీ పేలి మొహం మీద యాసిడ్ పడింది. వాడి మొహం మీద బక్కెట్లకొద్దీ నీళ్ళు పోసింది కూడా అమ్మే.

అమ్మ పాత నేతచీరల కుచ్చిళ్ళలో గుండుసూది తలంత చిల్లులు ఉండేవి. పురుగు కొట్టిందనుకునేదాన్ని. ఆ చీరలతో కుట్టిన బొంత ఇప్పటికీ నా దగ్గరుంది.

నా పీహెచ్‌డీ స్త్రీల ఆత్మకథల మీద. అనుభవం, జ్ఞానం, మౌనం అనే మాటలు ఆ మూడువందల పేజీల్లో ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. 2015లో రికార్డర్ పట్టుకుని అమ్మని కూడా కూర్చోబెట్టాను. చదువు ఎందుకు మానేశావు, పెళ్ళెట్లా అయింది, వంటింట్లో ఎన్ని గంటలు, ఇవీ నా ప్రశ్నలు. "నా దగ్గరేముందే చెప్పడానికి" అంది. మౌనం అని రాసుకుని రికార్డర్ ఆపేశాను. బ్యాటరీ గురించి నేనడగలేదు. అడగాలని తట్టలేదు. కరెంటు కోతల ఏళ్ళలో మా వీధిలో ఇన్వర్టర్ బ్యాటరీలకి నీళ్ళు పోసింది దాదాపు అందరిళ్ళలోనూ ఆడవాళ్ళే. అది మాకు మొక్కలకి నీళ్ళు పోసినంత మామూలు పనిగా కనిపించింది, అంతే.

1912 మోడల్ కాడిలాక్‌తో ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చింది. అంతకుముందు చేత్తో హ్యాండిల్ తిప్పాలి, అది వెనక్కి తన్ని చేతులు విరిగేవి. వర్జీనియా షార్ఫ్ 'టేకింగ్ ద వీల్' (1991)లో ఈ కథ చెబుతుంది. సుఖం కావాలని మగవాళ్ళకీ ఉంది గానీ, దాన్ని ఆడవాళ్ళ ఖాతాలో రాయడం సులువైంది. ఈ పుస్తకం మీద నేనొక సెమినార్ పేపరు కూడా చదివాను, బోనెట్ ఎప్పుడూ ఎత్తకుండానే.

తర్వాతి వారం మెకానిక్ "డైనమో పోయింది మేడమ్" అని పెద్ద అంకె చెప్పాడు. ఆలోచించుకుంటానని వచ్చేసి మల్టీమీటర్ కొన్నాను. రాత్రంతా ఆగి ఉన్న కారు బ్యాటరీ పొద్దున 12.1 వోల్టులు చూపించింది. నిండుగా ఉంటే 12.6 ఉండాలి. ఎట్లాగో స్టార్టయ్యాక 14.2. అంటే డైనమో చక్కగా చార్జ్ చేస్తోంది. తాళం తిప్పుతున్న క్షణంలో మాత్రం 8.4. అది 9.6 కన్నా కిందికి పడితే బ్యాటరీ అలసిపోయినట్టే. నాలుగేళ్ళు దాటింది మరి. పైగా నేను రోజూ తిరిగేది కాలేజీకి మూడు కిలోమీటర్లు, స్టార్టింగులో వాడుకున్నది కూడా తిరిగి నిండదు. మన ఎండలు బ్యాటరీని లోపల్లోపల తినేస్తాయి. ఆ సంగతి చలికాలం పొద్దున్న బయటపడుతుంది. మెకానిక్‌కి అంకెలు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "ఎవరు చూశారు మేడమ్?" అన్నాడు. మా అమ్మ అన్నాను. నవ్వాడు, జోకనుకున్నాడు. బ్యాటరీ ఒక్కటే మార్చాడు.

నువ్వెందుకు డ్రైవింగ్ నేర్చుకోలేదని ఆ సాయంత్రం అడిగాను. ఒకసారి అడిగిందట. "బ్యాటరీ నీకప్పజెప్పాగా, చాల్లే" అన్నాడట నాన్న. అమ్మ నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు. నాన్న చెడ్డవాడు కాదు, ఈ మాట రాస్తున్నందుకు ఇప్పుడూ కాస్త ఇబ్బందిగానే ఉంది.

నెల తర్వాత ఒక ఆదివారం ఇద్దరం కిందికి దిగి బోనెట్ ఎత్తాం. పుల్లలు రెండు టెర్మినల్స్‌కీ నేను ఆనించాను, మీటర్ అమ్మ చేతిలో ఉంది. కొత్త అద్దాలు ఇంకా రాలేదు. ఎడమకన్ను మూసి, మీటర్ని కుడికంటికి దగ్గరగా, దూరంగా జరుపుకుంటూ చదివింది.

"పన్నెండు పాయింట్ ఆరు... ఆ చివర్ది ఎనిమిదా, మూడా? కదపకే, చూడనీ."